ఆఖరి గుండీ

గొడుగుల కొట్టు బాబాయి ఇనపకడ్డీతో షట్టర్ మీద టంగుమని కొట్టాడు.

ఆ సందులో దానికి ఒకటే అర్థం. కొనే రకం కాదు, ఊరికే చూసిపోయే రకం వస్తోంది, జాగ్రత్త!

సందు చూడముచ్చటగా ఉంటుంది మరి. గొడుగులకో కొట్టు, గోడ గడియారాలకో కొట్టు, గాజు బొమ్మలకో కొట్టు, చిట్టచివర గుండీల కొట్టు. సెలవొస్తే చాలు, పైఊళ్ళవాళ్ళు బస్సు దిగి ప్రతి కొట్టూ ఎక్కుతారు. అన్నీ తాకుతారు. "ఎంత ముద్దుగా ఉందో!" అనేసి చేతులూపుకుంటూ పోతారు. ముద్దుతో కడుపు నిండుతుందా? అందుకే ఈ కడ్డీ ఏర్పాటు.

చప్పుడు విని గుండీలమ్మ లేచి నిలబడింది. గుండీల కొట్టావిడని అందరూ అలాగే పిలుస్తారు. చూసిపోయేవాళ్ళ మీద ఆవిడకి కోపం లేదు. ఆవిడ ఎదురుచూపు వేరు.

కిందటేడాది వరకూ ఆవిడకి చూపు లేదు. గుండీలు వేళ్ళతో తడిమి అమ్మేది. ఎవరైనా రంగు అడిగితే గడియారాల అన్నయ్యని కేకేసేది. ఎవరో కన్నుమూస్తూ ఇచ్చిన కళ్ళతో మళ్ళీ లోకాన్ని చూసింది.

ఎవరిచ్చారో ఆస్పత్రివాళ్ళు చెప్పరు. "వాళ్ళింట్లోవాళ్ళని అడిగి చూస్తాలే. ఇష్టమైతే వాళ్ళే వస్తారు," అని నర్సక్క మాత్రం మాటిచ్చింది.

ఇచ్చింది ఎవరో నిండుగా బతికిన పెద్దావిడ అయ్యుంటుందని గుండీలమ్మ తనకి తనే తేల్చేసుకుంది. చిన్నవయసువాళ్ళు అనుకోవడానికి మనసొప్పలేదు. ఆవిడ తాలూకు ఏ ముసలాయనో కర్ర పట్టుకుని వస్తాడు, చూపొచ్చాక తన చేత్తో కుట్టి కొట్లో దాచిన శాలువా కప్పాలి, కాళ్ళు పట్టుకోవాలి. తల నెరిసినవాళ్ళు ఎవరు గడప తొక్కినా పరిగెత్తి కుర్చీ వేసేది.

ఈ వచ్చినవాడు కుర్రాడు. మాసిన గడ్డం, నలిగిన చొక్కా. కుర్చీ వెయ్యలేదు.

"దీనికి జోడీ ఉందాండీ?" అని అరచెయ్యి చాపాడు. కాఫీరంగు గుండీ, చుట్టూ అలల్లాంటి అంచు.

ఆవిడ సొరుగు లాగింది. "ఇదా?"

"కాదేమోనండీ. ఇంకోసారి చూడండి."

"పోనీ, ఇది?"

"ఇలా గడప దగ్గరికి వచ్చి, వెలుతుర్లో చూడండి."

వచ్చింది. అతని అరచేతి మీదికి తల వంచి రంగు పోల్చింది. తలెత్తేసరికి అతను గుండీ వైపు చూడ్డం లేదు. రెప్ప వెయ్యకుండా ఆవిడ మొహంలోకే చూస్తున్నాడు.

"గుండీ ఇక్కడుంది బాబూ."

"ఏమనుకోకండి. మీరు చూస్తుంటే మా ఆవిడ గుర్తొచ్చింది."

గుండీలమ్మకి ఒళ్ళు మండింది. పనికిమాలిన ప్రతివాడూ అనే మాటే కదా!

"అయితే ఇంటికెళ్ళి ఆవిణ్ణే చూసుకోండి!"

అతను అడుగున ఉన్న సొరుగు వైపు వేలు చూపించాడు. "ఆ కింది సొరుగు ఒక్కటీ చూడండి. ఇంకేం అడగను."

పీడ వదులుతుందని కింది సొరుగు లాగింది. ఉంది. అదే కాఫీరంగు, అదే అలల అంచు. అన్నిటికన్నా పైనే ఉంది.

మోకాలితో సొరుగు మూసేసింది.

"లేదు. ఇక దయచెయ్యండి."

అతను కదల్లేదు. కళ్ళనిండా నీళ్ళు. ఆహా, నాటకం కూడానా అనుకుని ఆవిడ కొలబద్ద తీసుకుని షట్టర్ మీద ఆగకుండా బాదింది. ఆ సందులో దానికీ ఒకటే అర్థం. బాబాయి గొడుగుతో, గడియారాల అన్నయ్య స్క్రూడ్రైవర్‌తో వచ్చిపడ్డారు.

"ఏరా, ఆడవాళ్ళ మొహాలు చూడ్డానికి బస్సెక్కొచ్చావా?" అని బాబాయి కాలర్ పట్టుకున్నాడు.

అతను కాదనలేదు. నెట్టించుకుంటూనే సందు చివరిదాకా వెళ్ళాడు. మలుపులో మళ్ళీ వెనక్కి తిరిగి ఆవిడ మొహంలోకే చూశాడు.

"ఎంత పొగరు చూశారా!" అన్నాడు గడియారాల అన్నయ్య.

కాసేపటికి ఫోన్ మోగింది. నర్సక్క.

"ఏమ్మా, వచ్చాడా?"

"ఎవరక్కా?"

"అదే, నీకు కళ్ళిచ్చిన అమ్మాయి భర్త! ఇవాళే వస్తానన్నాడు. తనెవరో చెప్పుకోడట. నీ మనసుకి బరువెందుకని, మామూలు బేరానికొచ్చినట్టు వచ్చి ఒక్కసారి చూసుకుని పోతానన్నాడు."

గుండీలమ్మ గబుక్కున కింది సొరుగు లాగింది. ఆ గుండీని గుప్పిట్లో బిగించి, శాలువా భుజాన వేసుకుని, ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని పరిగెత్తింది. "ఏమైందమ్మా?" అంటూ బాబాయి వెనకే వచ్చాడు.

బస్సు వెళ్ళిపోయింది. స్టాండులో ఒక్క మనిషి లేడు.

"అక్కా, ఆయన నంబరు... నీ కాళ్ళు పట్టుకుంటాను, నంబరియ్యి!"

"ఎక్కడిదమ్మా! ఈ ఒక్కరోజుతో సరి, ఇక ఎవరూ ఫోన్ చెయ్యొద్దని మాట తీసుకుని మరీ మా దగ్గరున్న నంబరు తీసేయించాడు."

ఆవిడ రోడ్డు మధ్యలోనే కూలబడింది. ఆ కళ్ళు ఏడుస్తున్నాయి. ఏడవడానికైనా తనకి హక్కుందో లేదో తెలియలేదు.

ఇవేవీ తెలియని నర్సక్క అవతల తన ధోరణిలో చెప్పుకుపోతూనే ఉంది.

"గుండీ అడిగాడా? అతనికోసం చొక్కా కుడుతూ కుడుతూనే పోయిందటమ్మా ఆ పిల్ల, ఇంకొక్క గుండీ తక్కువై ఆగిపోయింది, ఆ ఒక్కటీ ఆమె కళ్ళే వెతికిపెడితే వేసుకుంటానని అప్పట్నుంచీ ఆ చొక్కా అలాగే దాచుకున్నాడు!"