దోర్కా బైబిలు

దోర్కాను సమాధి చేశాక ఆమె బైబిలు కనిపించలేదు. ఆమె భర్త నతానియేలు ఆ సంగతి నాలుగో రోజు పొద్దున గానీ గుర్తించలేదు.

నాచారంలోని ఆ రెండు గదుల ఇంట్లో వెతకడానికి పెద్దగా చోటు లేదు. దిండు కింద, కిటికీ గూట్లో, కుట్టుమిషను సొరుగులో చూశాడు. చివరికి వంటగదిలో ఉన్న చెల్లెలిని పిలిచాడు.

"మరియమ్మా, మీ వదిన బైబిల్ ఏడున్నది?"

"గదేందన్నా, వదినతోనే పంపినం గద," అంది మరియమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి. "పెట్టె మూసే ముందు నేనే ఆమె చేతుల పెట్టిన. నువ్వప్పుడు బయట కూలబడి ఉన్నవ్."

నతానియేలు మంచం మీద కూర్చున్నాడు.

"ఎవర్నడిగి పెట్టినవే?"

"అడిగేదేంది? మన అమ్మకు పెట్టలేదా? బైబిల్ లేకుండ పంపితే సంఘంల నలుగురు ఏమంటరు?"

"అండ్ల ఆమె రాసుకున్నదున్నది." ఆయన గొంతు పెరిగింది. "ఏడో తరగతి చదివిన మనిషి, ప్రతి వచనం పక్కన పెన్సిల్‌తోని రాసుకున్నది. అర్థాలు, డౌట్లు, దేవునితోని కొట్లాటలు, అన్నీ. మొత్తం చదువుతనని దవాఖానాల మాటిచ్చిన."

"షాపుల కొత్తది దొరుకుతది గదన్నా."

"వచనాలు దొరుకుతయ్. ఆమె దొరుకుతదా?"

ఆయన ఫోను తీసి పాస్టరుకు చేశాడు.

"అయ్యగారూ, పెట్టె ఒక్కసారి పైకి తీపియ్యాలె."

"దుఃఖంలో ఉన్నవు నతానియేలూ. కొంచెం ప్రార్థన చేసుకో," అని అటు నుంచి వినిపించింది.

"ప్రార్థన ఆమె చేస్తుండె అయ్యగారూ. నాకు రాదు."

ఫోను పెట్టేసి చెప్పులు వేసుకున్నాడు. మరియమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"పిచ్చి లేసిందా అన్నా! మట్టి ఇంక ఆరనే లేదు. వదినను నిమ్మలంగ పండనియ్యవా?"

ఆ మాటకు ఆయన అడుగు ఆగిపోయింది. రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

అప్పుడే కింది వాటాలో ఉండే సూర్యకళ మెట్లెక్కి వచ్చింది. భుజాన ఆఫీసు బ్యాగు, చేతిలో పేపరు చుట్టిన పొట్లం.

"అన్నా, ఇది తీసుకోండ్రి. దవాఖానాకు పోయే ముందు అక్క నాకిచ్చింది. కుట్టు ఊడిపోతున్నది, ఉప్పల్‌ల బైండింగ్‌కియ్యమన్నది. ఆ బైండింగాయన రేపు రా, ఎల్లుండి రా అని ఇరవై రోజులు తిప్పిండు. నిన్న చేతికిచ్చిండు."

నతానియేలు పేపరు చింపాడు. నల్ల రెక్సిను అట్ట కొత్తగా ఉంది. లోపల అవే పాత పుటలు. అంచుల్లో ఖాళీ లేకుండా దోర్కా పెన్సిలు రాత. ఆయన గడప మీదే కూర్చుండిపోయి ఆ పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నిండుగా ఊపిరి తీసుకున్నాడు.

"బైండింగ్ మంచిగ లేదా అన్నా?" అంది సూర్యకళ, ఆయన కళ్ళు చూసి భయపడి.

"మస్తుగున్నదమ్మా. మస్తుగున్నది."

మరియమ్మ మాత్రం నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో దేవా! మరి నేను పెట్టిందేంది? బీరువా మీద దొరికింది. జిప్పు కవరు, బంగారు రంగు అంచులు. తెరువబోతే కాయితాలు ఒకదానికొకటి అతుక్కొనే ఉన్నయ్. వదిన ఎంత పదిలంగ చదువుకున్నదో అని ఏడ్సిన గూడ!"

నతానియేలుకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

"వదినది కాదే, నాది. మా పెళ్ళిల పాత అయ్యగారిచ్చిండు."

ముప్పై ఒక్క ఏళ్ళు అది బీరువా మీదే ఉంది. ఆయన అందులో ఒక్క పుట కూడా చదవలేదు.