అందుకోని కట్ట

"నంబరు తీసుకున్నారా తాతా?"

ముసలాయన తీసుకోలేదు. పానీయం చేసుకునే యంగోనా మొక్క ఎండు వేళ్ళ కట్ట రెండు చేతుల్లో పట్టుకుని, గుమాస్తా ఉనైసి బల్ల ముందు నేలమీదే కూర్చున్నాడు.

మంచినీటి పథకాల ఆఫీసు. బుధవారం, ఉదయం తొమ్మిది.

"కుర్చీ ఉంది, పైన కూర్చోండి. పేరు చెప్పండి, ఎక్కిస్తాను."

"ముందు ఇది అందుకో తల్లీ. తర్వాత పేరు, ఊరు, వచ్చిన పని, మూడూ చెబుతాను."

ఉనైసికి పద్ధతి తెలియక కాదు. గుమ్మం తొక్కినవాడు కట్ట ముందు పెట్టాలి. ఇంటివాళ్ళు అందుకోవాలి. ఆ తర్వాతే వచ్చినవాడు పేరు, పని చెబుతాడు. ఫిజీలో పుట్టినవాళ్ళకి ఎవరూ నేర్పనక్కర్లేదు.

కానీ పోయిన నెల ఇలాంటి కట్టే అందుకుని పక్క ఆఫీసు గుమాస్తా సస్పెండయ్యాడు. గోడమీద నోటీసు పడింది. కానుకలు తీసుకోరాదు.

"ఆఫీసులో కుదరదు తాతా."

"నువ్విది అందుకోకుండా పని చెప్పటం నాకు కుదరదు."

పక్క సీట్లో మనోవా నవ్వాడు. "ఇంటికో నీళ్ళ ట్యాంకు అడగడానికి ఇంత తతంగమా! మనవణ్ణి పంపు తాతా, ఫోన్లో నొక్కేస్తాడు."

ముసలాయన కట్ట ఒళ్ళో పెట్టుకున్నాడు. సాయంత్రం దాకా కూర్చుని లేచి వెళ్ళాడు.

ఉనైసి ఆయన్ని మర్చిపోయింది. ఆమె తలనొప్పి వేరే ఉంది.

నూట పన్నెండు ఊళ్ళ కాగితాలు కంప్యూటర్లోకి ఎక్కాలి. గడువు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు. ఎక్కని ఊరికి అయిదేళ్ళదాకా మరమ్మతులు లేవు.

నూట పదకొండు ఎక్కాయి. మిగిలింది వైనిలేకా.

తుఫానుకి ఆ ఊరి ఫైలు తడిసి సిరా కారిపోయింది. అదే తుఫానుకి కొండచరియ జారి నీటి ఊటని కప్పేసింది. రెండు నెలలుగా తవ్వుతున్నా ఊళ్ళోవాళ్ళకి ఊట దొరకలేదు. బడి హాస్టల్లో తొంభైమంది పిల్లలు పడవలో వచ్చే నీళ్ళకోసం డబ్బాలతో నిలబడుతున్నారు.

తెరమీద 'ఊట ఉన్న చోటు' అన్న గడి ఖాళీ.

ఆ చోటు కొలిచినవాడు ఒక్కడే, నలభై ఏళ్ళనాటి సర్వేయర్ ఇలైసా తోకలౌ. పాత సిబ్బంది జాబితాలో ఆయన పేరు పక్కన 'మరణించారు' అని ఉంది. కీర్తిశేషులు ఇలైసా తోకలౌ ఇంటివాళ్ళు ఎవరైనా ఉంటే రమ్మని, ఫోనైనా చెయ్యమని మంగళవారం రేడియోలో చెప్పించారు. ఎవరూ ఫోన్ చెయ్యలేదు.

"ఏదో ఒక చోటు కొట్టెయ్ ఉనైసీ," అన్నాడు మనోవా. "ఖాళీ వదిలితే ఇది ముందుకి కదలదు. పోయిన ఏడాది పాత సిబ్బంది జాబితాలోకి వెయ్యి మందిని నేనే ఎక్కించాను. ఒక్క గడి ఖాళీగా వదల్లేదు."

"తప్పు చోట తవ్వితే?"

"అది తవ్వేవాళ్ళ బాధ."

గురువారం ముసలాయన మళ్ళీ వచ్చాడు. చొక్కా తడిసి ఉంది.

"రాత్రి ఎక్కడ పడుకున్నారు?"

"చర్చి అరుగుమీద."

"వచ్చిన పనేంటో చెప్పండి తాతా. నేను వింటాను."

ఆయన కట్ట ముందుకు జరిపాడు. "చెయ్యి తాకించు. చాలు."

ఉనైసి చెయ్యి జానెడు ముందుకి కదిలింది. పైన కెమెరా ఎర్రగా మెరుస్తోంది. చెయ్యి వెనక్కి వచ్చింది.

శుక్రవారం ఉదయం పది. ఆయన కట్ట తెచ్చి ఆమె బల్లమీద పెట్టాడు.

"పదిన్నరకి నా పడవ. తెచ్చిన కట్ట వెనక్కి మోసుకుపోకూడదు తల్లీ."

వెళ్ళిపోయాడు.

నిబంధన ప్రకారం ఉనైసి దాన్ని పెట్టెలో పెట్టి సీలు వేసింది. పెట్టె ఆమె కాళ్ళ దగ్గరే ఉంటుంది. సోమవారం అధికారి ముందే తెరవాలి.

పదకొండు. పదకొండున్నర. ఉనైసి మళ్ళీ రేడియోవాళ్ళకి ఫోన్ చేసింది. ఎవరూ అడగలేదన్నారు.

పన్నెండుకి అయిదు నిమిషాలుండగా మనోవా ఆమె కీబోర్డు మీదకి వంగాడు. ఆమె అతని చెయ్యి తోసేసింది.

పన్నెండయింది. తెర బూడిదరంగుకి మారింది. వైనిలేకా జాబితాలో లేదు.

సోమవారం అధికారి సీలు తీశాడు. వేళ్ళ మధ్య మైనపుగుడ్డలో చుట్టిన పాత పుస్తకం ఉంది.

ముప్పై ఒకటో పేజీలో వైనిలేకా. బడి మెట్టు నుంచి తూర్పుకి ఆరువందల నలభై అడుగులు, నల్లరాయి, రాయి వెనక ఊట. పక్కన బొమ్మ. పాత ఫైళ్ళన్నిట్లోనూ సర్వేయర్ రాసిన అదే ఎడమకి వాలిన రాత.

"సర్వేయర్ పుస్తకం!" అన్నాడు మనోవా. "అయితే ముసలాయన వాళ్ళ ఇంటివాడే అన్నమాట."

ఉనైసి చివరి అట్ట తిప్పింది. అక్కడ, అదే రాతలో, ఇంకా మెరుస్తున్న కొత్త సిరాతో రెండు వాక్యాలున్నాయి.

"రేడియోలో నన్ను కీర్తిశేషుణ్ణి చేశారు తల్లీ. అది సరిచేయించి ఊట దగ్గరికి నేనే తీసుకెళదామని వచ్చాను - ఇలైసా తోకలౌ."