వంద గ్రాముల జీలకర్ర

"పాలకూర ఏరుతూ నడుం విరగ్గొట్టుకుంటావెందుకు? వంద గ్రాముల జీలకర్రలో దీనికి ఇరవై రెట్లు ఇనుముందట," అన్నాడు భర్త, ఫోనులోంచి తలెత్తకుండా.

ఆమెకు రక్తం తక్కువగా ఉంది, ఆకుకూరలు తినమని డాక్టరు చెప్పి నెలయింది. ఆనాటి నుంచి రోజూ పాలకూర వండుతూనే ఉంది. నాలుగు మెట్లెక్కితే వచ్చే ఆయాసం మాత్రం తగ్గలేదు.

ఆమె మెల్లగా లేచి, జీలకర్ర వంద గ్రాములు తూచి, పళ్లెంలో పోసి ఆయన ముందు పెట్టింది.

"అమ్మో, ఇంతా! గొంతు దిగుతుందా?"

"దిగదు కదండీ. నేను కూరలో వేసేది ఒక్క చెంచా."

అత్తగారు కిసుక్కున నవ్వింది. "బాగా చెప్పావు. మరి నెలరోజులుగా పాలకూర తింటున్నావు, నీ మొహం ఇంకా అలా పాలిపోయి ఉందేమే?"

ఆమెకు వాదించే ఓపిక లేదు. మధ్యాహ్నం అందరూ తిన్నాక మిగిలిన కూరగిన్నె తెచ్చి చూపించింది. అడుగున నాలుగు జీలకర్ర గింజలు అంటుకుని ఉన్నాయి.

"రోజూ నా దాకా వచ్చేది ఇదే అత్తయ్యా."

అత్తగారు గిన్నెలోకి తొంగి చూసింది.

"బాగుందని మళ్లీ మళ్లీ వడ్డించమన్నది నేనే కదూ," అంటూ రాత్రికని ఉంచిన పాలకూర కట్టను తన ఒళ్లోకి లాక్కుంది. "వెళ్లి కాసేపు నడుం వాల్చు. రాత్రి వడ్డన నాది."