ఇల్లంతా ఒకటే పాట

“ఇక చాలు, ఆపెయ్యి నీల్సా! మా ఇంట్లో జపమాల తిప్పేవాళ్లకి లెక్క తప్పిపోతోంది. నీ మొగుడి ఆత్మశాంతికి మేం ప్రార్థన చేస్తుంటే గోడవతల నుంచి డాన్సు పాటా? కళ్లలో నీళ్లు తిరుగుతుంటే కింద కాళ్లు తాళం వేస్తున్నాయి. ఇదెక్కడి చోద్యమే?”

కిటికీ ఊచలు పట్టుకుని కస్టోడియా గదమాయించింది. పక్కింటావిడే అయినా ఆ గొంతు వీధంతటికీ సరిపోతుంది.

“మెల్లగా అక్కా. అత్తయ్యకి వినిపిస్తుంది,” అంది నీల్సా.

“ఈ మోతలో నా మాట ఎవరికి వినిపిస్తుందిలే!”

బారాంకియా ఊళ్లో చావు జరిగిన ఇంట్లో పాట మోగదు. రేడియోకి కూడా గుడ్డ కప్పేస్తారు. తన భర్త పోయినప్పుడు నీల్సా అత్తగారు ఉబాల్దినా ఏడాదిపాటు ఇంట్లో ఎవరినీ ఈల కూడా వెయ్యనివ్వలేదు. ఇప్పుడు ఆవిడకి చూపు లేదు, మంచం దిగలేదు, గుండె బొత్తిగా నీరసం. బస్టాపులో నిలబడ్డచోటే కుప్పకూలిపోయిన రుబియెల్ ఆవిడకి ఒక్కగానొక్క కొడుకు. ఆ కబురు వింటే ముసలావిడ తట్టుకోలేదని డాక్టరు ఖండితంగా చెప్పాడు. అందుకే రుబియెల్‌ని చివరిసారి ఇంటికి తేలేదు. తొమ్మిది రాత్రుల ప్రార్థన కూడా కస్టోడియా ఇంట్లోనే పెట్టారు. కానీ పాట ఆగిందంటే దాచినదంతా బయటపడిపోతుంది. ఈ ఇల్లు మూగబోవడమంటే అర్థమేమిటో ఉబాల్దినాకి ఎవరూ చెప్పక్కర్లేదు.

“పోనీ, ఆవిడ గదిలో స్పీకరు ఒక్కటే మోగించి తక్కిన గదుల్లోవి కట్టెయ్యరాదూ?”

“పసిగట్టేస్తుంది అక్కా. చూపు పోయాక ఆవిడకి ఒళ్లంతా చెవులే. పెరట్లో పాట లేకపోతే కిటికీలోంచి రాదుగా, వెంటనే అడుగుతుంది. రుబియెల్ ఎప్పుడూ ఇల్లంతా మోగించేవాడు.”

“మరి వాడేడీ అని అడగట్లేదా?”

“ఫ్లూ జ్వరం వచ్చింది, నీకు అంటుకుంటుందని గదిలోకి రావట్లేదు, ముందుగదిలో కూచుని నీకోసం పాటలు పెడుతున్నాడు అని చెప్పాను.”

“నమ్మిందా?”

“నమ్మింది. రమ్మనమని ఒక్కసారి కూడా అడగలేదు.”

కస్టోడియా కోపం దిగిపోయింది. ఊచల్లోంచి చెయ్యి పెట్టి నీల్సా భుజం తట్టింది.

“అసలు నువ్వు ఏడిచావుటే పిచ్చిమొహమా?”

“తీరికేదీ?” అంది నీల్సా.

ముందుగదిలో పాత కంప్యూటరు అలాగే వెలుగుతోంది. దానికి వైర్లు తగిలించి, గోడల వెంట లాగి, గదికో స్పీకరు పెట్టింది రుబియెలే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నడిచినా పాటలో ఒక్క ముక్క జారిపోకూడదని వాడి పంతం. తెర మీద గదుల పేర్లు వరసగా ఉంటాయి, పక్కనే దేని మోత దానికి పెంచుకునే గీత. తల్లి గదికి ‘మహారాణి’ అని పేరు పెట్టాడు. వంటింటికి ‘నా ప్రాణం’ అని. ఆ పేరు చూడలేక నీల్సా తెర మీద ఆ మేరకి కాగితం ముక్క అంటించింది. వాడు పేర్చిన పాటలే మళ్లీ మళ్లీ తిరుగుతున్నాయి. తనని నడుం పట్టుకుని తిప్పిన పాట వంటింట్లో మోగుతుంటే, అత్తగారికి కర్రపెండలం కుడుములు ఉడకబెట్టడం ఎంత నరకమో నీల్సాకే తెలుసు.

పళ్లెం పట్టుకుని వెనక గదిలోకి వెళ్లింది. ఉబాల్దినా గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

“లే అత్తయ్యా, కుడుములు తెచ్చాను. జున్ను కూడా వేశాను.”

“అక్కడ పెట్టు, తర్వాత తింటా. నువ్వు తిన్నావా?”

“ఆఁ, తిన్నాను.”

“అబద్ధాలాడకు. నీ గొంతులోనే తెలుస్తోంది ఆకలి. పో, పోయి తిను ముందు.”

దిండు తడిగా తగిలింది. పాడు ఎండలు, ముసలావిడకి చెమటలు పట్టేస్తున్నాయి అనుకుంటూ నీల్సా గలీబు మార్చింది.

“అమ్మాయ్, వాడితో చెప్పు. పాట ఇంకాస్త గట్టిగా పెట్టమను.”

“ఇప్పటికే వీధివాళ్లు తిట్టిపోస్తున్నారు అత్తయ్యా!”

“తిట్టనీ. నా కొడుకు, నా ఇల్లు, నా చెవులు. వెళ్లేటప్పుడు తలుపు దగ్గరగా వేసి వెళ్లు.”

నీల్సా ముందుగదిలోకి వచ్చింది. ఖాళీ కుర్చీ వైపు తిరిగి, వెనక గదిలోకి వినిపించేలా గొంతు పెంచింది. “విన్నావా రుబియెల్? మీ అమ్మ ఇంకా గట్టిగా పెట్టమంటోంది!” ఆ పేరు నోట్లోంచి వచ్చేసరికి గుండె పగిలిపోయింది. ‘మహారాణి’ గీతని చివరిదాకా జరిపింది, ఆ వెంటే తక్కిన గదులవీ.

ఇల్లు దద్దరిల్లిపోయింది. వంటింట్లోకి వచ్చి తలుపు మూసుకుంది నీల్సా. మొదటిసారి, ఈ మోతలో తన గొంతు ఎవరికీ వినపడదన్న ధైర్యం వచ్చింది. గట్టు మీద తల పెట్టుకుని ఏడిచింది. వాడు పోయినప్పటి నుంచీ బిగబట్టుకున్నదంతా కట్టలు తెంచుకుంది. రుబియెల్‌ని తిట్టింది, బతిమాలింది, నన్నూ తీసుకుపోరాదా అని అడిగింది.

ఠక్కున కరెంటు పోయింది.

ముందుగది, పెరడు, వంటిల్లు, అన్నిచోట్లా పాట ఒక్కసారే తెగిపోయింది. నిశ్శబ్దంలో తన వెక్కు తనకే భయంకరంగా వినిపించింది. అత్తయ్య వినేసిందేమో! నీల్సా తువ్వాలు నోట్లో కుక్కుకుని ఊపిరి బిగబట్టింది.

వెనక గదిలో ఏడుపు మాత్రం ఆగలేదు.