మొదటి జవాబు

"ఎక్కడ నొక్కమంటావమ్మా?" అని పెద్దాయన అడగడం అది నాలుగోసారి.

క్లిక్కమ్మకు చిర్రెత్తుకొచ్చింది.

క్లిక్కమ్మ అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. కంపెనీకి కావలసిన ఆన్‌లైన్ పాఠాలన్నీ ఆవిడే తయారుచేస్తుంది. ఒకప్పుడు ఒక్కో పాఠానికి నెల పట్టేది. ఇప్పుడొక సులువైన సాఫ్ట్‌వేర్ వచ్చింది. బొమ్మలు లాగి పడేస్తే స్లైడ్లవుతాయి. రాసింది అతికిస్తే కంప్యూటరే గొంతు పెట్టి చదువుతుంది. చివర పది ప్రశ్నలు పెడితే పరీక్ష కూడా సిద్ధం. మొత్తం గంట పని.

ఆ రోజు వంతు బాయిలర్ పాఠానిది. ఫ్యాక్టరీలో ఆవిరి పుట్టించే ఆ పెద్ద ఇనప పీపా దగ్గర పనిచేసేవాళ్లంతా అది చూసి పాసవ్వాలి. నాలుగు గంటలకల్లా అందరి ఫోన్లకూ వెళ్లిపోవాలని మేనేజరు హుకుం.

మూడు దాటాక ఊడిపడ్డాడు ఈ పెద్దాయన.

"మేనేజరు గారు పంపారమ్మా, బాయిలర్ పాఠం గురించి," అన్నాడు.

పాఠం అర్థమవుతోందో లేదో ఒక పనివాడికి చూపించమని పంపి ఉంటారనుకుంది క్లిక్కమ్మ. ఇంకో మాట అడగకుండా కుర్చీ చూపించి, మౌసు చేతిలో పెట్టింది.

అంతే, ఇరుక్కుపోయింది.

ఆయన ఒక్కో స్లైడూ పెదాలు కదుపుతూ చదివాడు. చదివిందే మళ్లీ చదివాడు. ముందుకెళ్లే బాణం నొక్కమంటే మూసేసే గుర్తు నొక్కాడు. మళ్లీ మొదటినుంచి.

"నేను చెప్పాల్సింది ఒకటుందమ్మా," అన్నాడు మధ్యలో.

"చెప్పడానికి కంప్యూటరుంది బాబాయ్ గారూ. మీరు నొక్కండి చాలు."

"అది చెబుతుంటే వార్తలు విన్నట్టుందమ్మా. భయం వెయ్యట్లేదు."

"పాఠం వింటే భయమెందుకు వెయ్యాలండీ?"

ఆయన బాణం నొక్కాడు.

ఎలాగో పరీక్ష దాకా వచ్చారు. బాయిలర్ మండుతుండగా నీటిమట్టం చూపే గాజు అద్దంలో నీళ్లు కనిపించకపోతే ముందుగా ఏం చేయాలి? అన్నది మొదటి ప్రశ్న.

ఒకటి, వెంటనే నీళ్లు ఎక్కించాలి. రెండు, మంట ఆపాలి, నీళ్లు ఎక్కించకూడదు. మూడు, పై అధికారికి ఫోన్ చేయాలి.

ఆయన క్షణం ఆలోచించకుండా రెండోది నొక్కాడు.

తెర ఎర్రబడింది. "తప్పు," అంది కంప్యూటరు తియ్యటి గొంతుతో.

ఆయన మళ్లీ రెండోదే నొక్కాడు. మళ్లీ తప్పు.

"మొదటిది నొక్కండి బాబాయ్ గారూ! నీళ్లు అయిపోతే నీళ్లు పొయ్యాలి. పొయ్యిమీద గిన్నె ఎప్పుడూ చూడలేదా మీరు?"

"ఇది గిన్నె కాదమ్మా. నీళ్లు లేక ఎర్రగా కాలిన ఇనుము మీద ఒక్కసారిగా నీళ్లు పడితే..."

"ఇవన్నీ ఇంజనీర్లు రాసిచ్చారండీ, నా సొంత కవిత్వం కాదు. ఇంకొక్క తప్పు చేస్తే లాకైపోతుంది. అప్పుడు మళ్లీ నేనే తెరవాలి. నా ప్రాణం తియ్యకండి."

"మొదటిది నొక్కితే పాసవుతానా?"

"బంగారంలా అవుతారు."

ఆయన మౌసు మీద నుంచి చెయ్యి తీసేశాడు.

"నొక్కనమ్మా."

"ఉత్త పరీక్షే కదండీ! నొక్కితే ఇక్కడేం పేలిపోతుంది?"

"ఇక్కడ నొక్కినవాడే రేపు అక్కడ వాల్వు తిప్పుతాడు తల్లీ. దీన్ని మాత్రం పంపకు. నీకు దణ్ణం పెడతాను."

నిజంగానే చేతులు జోడించాడు. క్లిక్కమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. గడియారం చూస్తే మూడూ యాభై.

"సరేలెండి, చూస్తాను. మీరు వెళ్లి రండి," అని తలుపు దాకా సాగనంపింది.

వెనక్కొచ్చి, ఏమీ చూడకుండా, పాఠం పంపేసింది.

నాలుగుంబావుకు ఫలితాలు రావడం మొదలైంది. పంతొమ్మిది మంది రాశారు. పంతొమ్మిది మందికీ వందకు వంద. క్లిక్కమ్మ మురిసిపోయింది.

అందులో ఒకడు పది ప్రశ్నలూ ముప్పై సెకన్లలో ముగించాడు.

ప్రశ్నలు చదవడానికైనా చాలని టైము అది. అనుమానమొచ్చి జవాబుల పేజీ తెరిచింది.

పది ప్రశ్నలకూ మొదటి జవాబు పక్కనే టిక్కు ఉంది. కొత్త ప్రశ్న పెట్టగానే సాఫ్ట్‌వేర్ తనంతట తానే మొదటిదానికి టిక్కు పెట్టేస్తుంది. దాన్ని సరైన జవాబుకు మార్చుకోవాల్సింది మనిషి. హడావుడిలో ఆవిడ ఒక్కటీ మార్చలేదు. ఎవడో ఆ సంగతి కనిపెట్టి, అన్నింటికీ మొదటిదే నొక్కమని మిగతావాళ్లకు చెప్పేసినట్టున్నాడు.

ఇంజనీర్లు రాసిచ్చిన కాగితం వెతికి తీసింది. మొదటి ప్రశ్నకు జవాబు: రెండు.

పాఠం వెనక్కి లాగేసి, గేటు దాకా పరుగెత్తింది. పెద్దాయన వెళ్లిపోయి అరగంటయిందన్నాడు వాచ్‌మన్.

తిరిగొచ్చేసరికి మేనేజరు ఆవిడ బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏమ్మా, ఆయన గొంతు రికార్డు చేశావా?"

"గొంతా సార్?"

"అందుకేగా పంపింది! రెండు నిమిషాలు మాట్లాడమని ఏడాదిగా బతిమాలుతున్నాను. ఆ సంగతి ఇంట్లోవాళ్ల దగ్గర కూడా ఎత్తని మనిషి. ఇవాళ ఒక్కసారికి వస్తాను, మళ్లీ అడగొద్దు అన్నాడు."

"ఏ సంగతి సార్?"

మేనేజరు ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు.

"మన పాత బాయిలర్ పేలినప్పుడు ఆ గదిలో నలుగురున్నారమ్మా. బతికింది ఈయనొక్కడే. అద్దంలో నీళ్లు కనపడట్లేదని, గబగబా వాల్వు తిప్పి నీళ్లు ఎక్కించింది కూడా ఈయనే."