గుమ్మం ఎక్స్‌రే

అది 2071 అట్లతద్ది. విశ్వపతి మాస్టారు పొరుగింటి కామేశ్వరి పెట్టిన అట్లు తిని, తన గుమ్మంలో నిలబడి చెంబెత్తి నీళ్లు గొంతులో పోసుకున్నారు. అప్పట్లో మెడ జబ్బులు ముందే పట్టేందుకు ప్రతి గుమ్మమూ ఎక్స్‌రే తీసి, పుర్రెకూ మెడకూ మధ్య సందు కొలిచాకే మనిషిని లోపలికి పంపేది. తల పైకెత్తితే సందు తగ్గిపోయేది.

“సందు చాల్లేదు. తల దించండి. కొంగలా ఆ తాగడమేంటండీ?” అంది తలుపు, ఆయన భార్య బతికుండగా దానికిచ్చిన గొంతుతో.

“రోజూ ఇదే తంతు బాబాయ్‌గారూ. ఆ గొంతు మార్పించేయనా? కసురుకోని గొంతులు బోలెడున్నాయి,” అంది కామేశ్వరి.

“వద్దమ్మా. తల దించుకుని వెళ్తే అది నోరే విప్పదు,” అన్నారు మాస్టారు.

కామేశ్వరి చెంబు మళ్లీ నింపి ఆయన చేతికిచ్చి, రాత్రికి ఆయన తలుపు మాట ఆయనకు వినబడేలా తన తలుపు చప్పుడు కాకుండా వేసుకుంది.