వానల సారు

బస్సు దిగిన కళ్లద్దాల మనిషి జేబులోంచి నీలం గాజుబిళ్ల తీసి ఆకాశం చూశాడు. తర్వాత ఎర్రబిళ్లతో చూశాడు.

అరవయ్యారు నాటి కరువులో ఆకాశాన్ని అంత ప్రేమగా చూసినవాణ్ని ఆ ఊరు ఎరగదు.

విరాటపర్వం చదివించినా చినుకు రాలలేదు. ఆ ఊరి రైతు ఎర్రన్నకు మిగిలింది రెండెద్దులు. ఈ నెల కూడా వాన పడకపోతే వాటిని అమ్మేసి, పెళ్లాం కదిరమ్మతో కూలికి వలసపోవాల్సిందే.

అందుకే ఉరవకొండ టీ అంగడి మాబాషా చెప్పిన మాటను గట్టిగా పట్టుకున్నాడు. సర్కారు వాన కురిపించే మిషను తెచ్చిందట. మబ్బులుంటేనే అది పనిచేస్తుందట. మబ్బులు కమ్మే ఊరి కోసం ఆఫీసర్లు తిరుగుతున్నారట.

ఇంకేం, ఊరందరికీ వచ్చినవాడు వానల సారే!

సారు ఎర్రన్న అరుగు మీదే దిగాడు. వచ్చిన పనేమిటో చెప్పలేదు. చెబితే ఎవరూ నిజం చెప్పరని ఆయన భయం. వానల లెక్క తాలూకా ఆఫీసులో ఉంది గానీ మబ్బుల లెక్క ఎవరూ రాయరు, మీరే చెప్పాలన్నాడు.

"వాన సంగతి సరే. మబ్బులైనా వస్తాయా, ఎర్రన్నా?"

ఎర్రన్న డొక్కలెండిన ఎద్దుల వైపు చూశాడు.

"మబ్బులకేం తక్కువ సార్? దినామూ కమ్ముకుంటాయి. ఈ పొద్దే యాడికి పోయినాయో."

సారు మొహం వాడిపోయింది. ఇంటింటికీ తిరిగి అడిగాడు. అందరిదీ అదే మాట. బావి పూడిక తీయడానికి ఏనాడూ కలవని ఊరు, అబద్ధమాడటానికి భలే కలిసింది.

మర్నాడు కదిరమ్మ పెట్టిన కొర్రన్నం తిని సారు బస్సెక్కాడు. మళ్లీ రాలేదు.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. ఎద్దులు కసాయికి పోతాయని మాత్రం ఊరంతటికీ ముందే తెలుసు. వాటిని తోలుకుపోయిన పూట కదిరమ్మ పొయ్యి వెలిగించలేదు.

ఏడాది తిరక్కముందే ఒక మేస్త్రీ వచ్చి, అరవదేశంలో ఏదో కొండ మీద పనుందని ఇద్దర్నీ తీసుకుపోయాడు.

అక్కడ గుండ్రటి గోడ లేస్తోంది. గోడ పక్కన సారు ఉన్నాడు. మీ ఊరివాళ్లనే పిలిపించమని నేనే చెప్పానంటూ, అన్నం పెట్టిన కదిరమ్మకు దండం పెట్టాడు.

ఇదేం కట్టడమని ఎర్రన్న అడిగాడు.

పెద్ద దుర్భిణి పెట్టే ఇల్లట. చుక్కలన్నిటికీ అవతల ఒక వెలుగు ఉందట. అది నీలం గాజులోంచి చూస్తే బాగా పెరిగి తగ్గుతుందట, ఎర్రగాజులోంచి చూస్తే అంతగా మారదట. ఎందుకో తెలియాలంటే ఏళ్లతరబడి ప్రతి రాత్రీ దాన్ని కనిపెట్టుకుని ఉండాలట. మధ్యలో మబ్బులు అడ్డొస్తే అన్నాళ్ల పనీ దండగేనట.

మబ్బులన్న మాట వినగానే ఎర్రన్న ఒకడుగు వెనక్కి వేశాడు.

"అసలు దీన్ని మీ ఊళ్లోనే కట్టాలనుకున్నాం. రోడ్డు, కరెంటు, బోరునీళ్లు, ఇంటింటికీ పని, అన్నీ వచ్చేవి," అన్నాడు సారు.

"మరి యాల కట్టలేదు సార్?" అంది కదిరమ్మ.

సారు ఎర్రన్న భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేశాడు.

"మాకు మబ్బుల్లేని ఊరు కావాలమ్మా. మీ ఆయన నిజం చెప్పబట్టి బతికిపోయాం."